హాజరు పలికేదాకా

బళ్ళు తెరిచే ముందు వారం దర్జీ కొట్టులో ఒక్క మంచిమాట వినబడదు. నీలం గుడ్డ తానులు బల్ల మీద, బల్ల కింద, కూర్చోవాల్సిన కుర్చీల్లో, ఆఖరికి మంచినీళ్ళ డబ్బా మీద కూడా పరుచుకుని ఉంటాయి. కొలతలివ్వడానికి వచ్చిన పిల్లలు నిలబడమంటే ఊగుతారు, చెయ్యెత్తమంటే కితకితలని నవ్వుతారు. తల్లులందరిదీ ఒకటే పాట, రేపటికల్లా కావాలని. ఆ కొట్టులో స్కర్టులకు మడతలు పెట్టి కుట్టే పని గువ్వ తల్లిది.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని కొట్టులో అందరికీ తెలుసు. కొట్టు యజమానిని అంతా మాస్టరు అంటారు. ఆయన ఆమెకు తిరగకుట్టు పని చెప్పాల్సివస్తే, ముందు కత్తెర ఎవరి చేతిలో ఉందో చూసుకుని మరీ నోరు విప్పేవాడు. అయితే ఆ కోపంలో ఒక లాభం కూడా ఉంది. కోపమొస్తే ఆమె మిషను వేగం రెట్టింపయ్యేది, సాయంత్రానికి గుట్ట కరిగిపోయేది. "దేవుడా, మా అక్కకి రోజుకో కోపం తక్కువ కాకుండా చూడు" అని మాస్టరు పైకే మొక్కుకునేవాడు. ఆమె కూడా నవ్వేసేది.

ఆ శుక్రవారం వచ్చిన కోపం మాత్రం నవ్వుకునే రకం కాదు.

గువ్వ ఆమె ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళ పిల్ల. మాటలు నేర్చుకునేటప్పుడు ఒకే అక్షరం దగ్గర ఆగి కూ కూ కూ అంటూ ఉండేదని నానమ్మ ఆ ముద్దుపేరు పెట్టింది. అప్పట్లో అందరికీ ముద్దొచ్చింది. బడికి వెళ్ళే వయసొచ్చేసరికి అదే నత్తి అనిపించుకుంది, ముద్దు పోయింది. అప్పట్నుంచీ వాళ్ళ చర్చి సంఘంలో ఆ నత్తి కోసం ప్రార్థన చెయ్యని మనిషి లేడు. నూనె రాశారు. ఉపవాసాలున్నారు. ఎక్కడ్నుంచో వచ్చిన బోధకుడొకాయన గువ్వ నాలుక మీద వేలు పెట్టి "విడుదల!" అని గావుకేక పెట్టాడు. గువ్వ ఆ వేలు కొరికింది. ఆ సంగతి సంఘంలో ఎవరూ ఎత్తరు.

సెలవుల్లో పిల్లని ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక తల్లి కొట్టుకే తెచ్చుకునేది. ఆ రోజు గువ్వ నేల మీద కూర్చుని గుండీలు సైజులవారీగా డబ్బాల్లో వేస్తోంది. అప్పుడు బడి పెద్ద మేడమ్ వచ్చింది. చర్చీ, బడీ ఒకే ఆవరణలో ఉంటాయి. బడిలో ఆవిడ హెడ్‌మిస్ట్రెస్, చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దావిడ. రెండు చోట్లా ఆవిడ మాటకి తిరుగులేదు. కొత్త యూనిఫారాల రంగు చూసుకుని, గుడ్డ నలిపి చూసుకుని, ఆవిడ గువ్వ వైపు వంగింది.

"ఏమ్మా, సెలవులెలా గడిచాయి?"

"బా... బా... బా..."

"బాగా గడిచాయా? మంచిది, మంచిది."

గువ్వ చెప్పబోయింది బాబాయి వాళ్ళింటికి వెళ్ళామని. అక్కడ కుక్క ఈనిందనీ, పిల్లల్లో ఒకదానికి ఒక చెవి నలుపనీ చెప్పాలని దాని కోరిక. కనిపించినవాళ్ళందరికీ అదే చెబుతోంది. పెద్ద మేడమ్ అప్పటికే నడుం ఎత్తి తల్లి వైపు తిరిగిపోయింది.

"ఈ ఆదివారం బడికెళ్ళే పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టాం. పిల్లలందర్నీ బ్యాగులతో సహా ముందుకి పిలుస్తాం. కంఠత వాక్యం మీ గువ్వ చేత చెప్పిద్దామని పాస్టరు అయ్యగారితో అన్నాను."

"దాని చేతా?" మిషను ఆగింది.

"ఏం? సంఘమంతా ప్రార్థనలో నిలబడుతుంది. మైకు ముందుకెళ్తే ప్రభువే నోరు తెరుస్తాడు. ఇన్నేళ్ళుగా కార్యం జరగలేదంటే ఎక్కడో మన విశ్వాసంలోనే కొరత ఉందనుకోవాలి. తల్లివి, నువ్వే గట్టిగా నిలబడాలి. ఆయన వైపు కొరత ఉండదు కదమ్మా?"

గువ్వ తల్లికి చెవుల దాకా వేడెక్కింది. బిడ్డ నోట మాట రాకపోవడానికి కారణం తన విశ్వాసం చాలకపోవడమట. ఆ మాట అనడానికి ఆవిడకి ఒక్క అక్షరం కూడా అడ్డుపడలేదు! కుదరదు మేడమ్ అనబోతుండగా నేల మీద నుంచి గొంతు వినబడింది.

"చె... చె... చెప్తా."

"చూశావా! విశ్వాసం పిల్లల్ని చూసి నేర్చుకోవాలి" అని పెద్ద మేడమ్ దాని తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేలోపే గువ్వ తల్లి మిషను మీద సూది విరిగింది. మాస్టరు కొత్త సూది తెచ్చి, నోరు మెదపకుండా బల్ల మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం ఇంట్లో గువ్వకి కొత్త స్కర్టు తొడిగి చూస్తోంది తల్లి. ఊరి పిల్లలందరికీ కుట్టాక మిగిలిన టైములో కూతురిది కుట్టింది. అంచు కొలవడానికి మోకాళ్ళ మీద కూర్చుంది, నోట్లో గుండుసూదులు. గువ్వ నాన్న బస్సుల డిపోలో మెకానిక్. ఆయన కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని గోళ్ళలో గ్రీజు గీక్కుంటున్నాడు. మిన్ను విరిగి మీద పడ్డా ఆయన నోట ఒకటే మాట: "దేవుడు చూసుకుంటాడులే."

"వాక్యం వద్దులేమ్మా. కడుపునొప్పని చెప్పేద్దాం" అంది తల్లి సూదుల మధ్య నుంచి.

గువ్వ అడ్డంగా తలూపింది.

"చె... చెప్తే పె... పెద్ద మేడమ్ వింటుంది కదా. టీచర్ కూడా వ... వస్తుంది. నాకు మా... మాటలొచ్చని వా... వాళ్ళకి తెలుస్తుంది."

"మాటలొచ్చని వాళ్ళకి తెలీదా?"

అప్పుడు గువ్వ చెప్పింది. మెల్లగా, అక్షరం దగ్గర ఆగుతూ, మళ్ళీ మొదలెడుతూ. అది చెప్పడం అయ్యేసరికి కిటికీలో వెలుతురు కూడా తగ్గింది. పోయినేడాది మధ్యలో వచ్చిన కొత్త టీచరు, ఈ ఏడాదీ క్లాసు ఆవిడదే, పొద్దున్నే పేర్లు పిలుస్తుంది. గువ్వ పేరు పిలుస్తుంది. ప్రెజెంట్ అనాలి. ప అనే అక్షరం గువ్వకి అన్నిటికన్నా గట్టిది. పెదాలు కలుస్తాయి కానీ విడవవు. అవి విడిచేలోపు టీచరు తర్వాతి పేరు పిలిచేస్తుంది. రెండు మూడు సార్లు గువ్వ ఆలస్యంగా అంటే పిల్లలు నవ్వారు, వేరేవాళ్ళ పేరుకి నువ్వెందుకు పలుకుతావని టీచరు కసిరింది. తర్వాత గువ్వ ప్రయత్నించడం మానేసింది. ఆబ్సెంట్ వేసేస్తుంటే చూస్తూ కూర్చునేది.

"మొ... మొదటి బెంచీలోనే కూ... కూర్చుంటా అమ్మా. ఆ... ఆవిడకి కనబడతా. అయినా లే... లేనట్టే."

తల్లి నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది. ఎన్నో పొద్దుటిపూటలు ఈ పిల్ల జడ వేయించుకుని, బ్రెడ్డు ముక్క నముల్తూ, ప్రార్థన చేయించుకుని వెళ్ళింది. 'ప్రభువా, నా బిడ్డకి తోడుండు' అని గుమ్మంలో తల మీద చెయ్యి పెట్టి పంపింది తను. వెళ్ళి అక్కడ లేకుండా కూర్చుని వచ్చింది!

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

గువ్వ భుజాలెగరేసింది.

"సోమవారం వెళ్ళి మాట్లాడదాంలే" అన్నాడు నాన్న. "ఈలోగా దేవుడు..."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే ఈ టేపుతోనే నీ నోరు కట్టేస్తా" అంది ఆమె. ఆయన గోళ్ళ వైపు తల దించుకున్నాడు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. మామూలు రోజుల్లో రాని వాళ్ళు కూడా పిల్లల కోసం వచ్చారు. పాస్టరుగారు కుర్రవాడే, ఉత్సాహం జాస్తి. పాటలయ్యాక పిల్లల్ని ముందుకు పిలిచారు. కొత్త బ్యాగులు, కొత్త బూట్లు, చెవుల పైదాకా కత్తిరించిన జుట్లు. కొందరు బ్యాగుల్లో పుస్తకాలు లేక వెలితిగా ఉంటుందని దిండ్లు కుక్కుకొచ్చారు. సంఘ పెద్దలు వరసలో నిలబడి ఒక్కొక్కరి తల మీదా చేతులుంచి ప్రార్థించారు. జ్ఞానమియ్యి ప్రభువా, జ్ఞాపకశక్తినియ్యి, మంచి మార్కులియ్యి, చెడు సావాసాల నుంచి తప్పించు. ఆ వరసలో పెద్ద మేడమ్ పక్కన గువ్వ టీచరు కూడా ఉంది. సన్నగా, కళ్ళజోడుతో, ఎంతో భక్తిగా. గువ్వ వంతు వచ్చేసరికి చెయ్యి పెట్టింది ఆ టీచరే. మూడో వరసలోంచి గువ్వ తల్లి అది చూసింది.

"ఇప్పుడు మన చిన్న చెల్లి కంఠత వాక్యం చెబుతుంది" అన్నారు పాస్టరుగారు. "ఈ బిడ్డ కోసం ఎంతకాలంగా ప్రార్థిస్తున్నామో మీకందరికీ తెలుసు. ఇవాళ దేవుడు కార్యం చేస్తాడని నమ్మేవాళ్ళు ఆమెన్ అనండి!"

"ఆమెన్!"

మైకు కిందికి దించారు. గువ్వ బ్యాగు పక్కన పెట్టి ముందుకొచ్చింది. వాక్యం మొదటి మాట ప అక్షరంతోనే మొదలు. పెదాలు కలిశాయి. మైకులో ఊపిరి చప్పుడు వినబడింది. ఇంకేమీ వినబడలేదు.

"స్తోత్రం ప్రభువా" అన్నారెవరో. ఇంకెవరో "విడుదల ప్రభువా" అన్నారు. నెమ్మదిగా మొదలైంది కాస్తా హోరయింది. కీబోర్డు అబ్బాయి కూడా దాని కింద ఒక స్వరం పట్టుకుని లాగాడు. అందరూ చేతులెత్తి, కళ్ళు మూసుకుని అరుస్తున్నారు. ఆ హోరులో గువ్వ పెదాలు అలాగే కలిసి ఉన్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. "ప్... ప్..." అని చిన్నగా వచ్చిన చప్పుడుని అరుపులు మింగేశాయి. పెద్ద మేడమ్ వంగి గువ్వ చెవిలో మొదటి మాట చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఆవిడకి అటుపక్కనున్న ఇంకొకావిడ రెండో మాట కూడా అందించింది. పాస్టరుగారు మైకు తన వైపు తిప్పుకుని, "సంఘమంతా కలిసి చెబుదాం" అని వాక్యం ఎత్తుకోబోయారు.

గువ్వ తల్లి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. మోకాళ్ళకి ఎవరివో బైబిళ్ళు తగిలి కింద పడ్డాయి.

"నోళ్ళు ముయ్యండి!"

చర్చిలో అలాంటి మాట అంతకుముందు ఎవరూ వినలేదు. హోరు టక్కున తెగింది. కీబోర్డు స్వరం ఒక్కటే కాసేపు సాగి, సిగ్గుపడి ఆగిపోయింది.

"సిస్టర్... సిస్టర్, శాంతించండి" అన్నారు పాస్టరుగారు. "ప్రార్థన చేసుకుందాం."

"చేద్దాం. ఇన్నాళ్ళూ మీరు చేశారు, నేను ఆమెన్ అన్నా. ఇవాళ నేను చేస్తా, మీరు అనండి." ఆమె వేదిక దగ్గరికి వెళ్ళి గువ్వ పక్కన నిలబడింది. చేతులు జోడించలేదు. కళ్ళు మూసుకోలేదు.

"ప్రభువా, నీతో మర్యాదగా మాట్లాడే ఓపిక ఇవాళ నాకు లేదు. నా బిడ్డ నత్తి తీసెయ్యమని ఏళ్ళ తరబడి నీ కాళ్ళ మీద పడ్డా. నువ్వు తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో నీకే తెలియాలి. ఆ తగాదా మనిద్దరి మధ్యా ఉంది, ఇంటి దగ్గర తేల్చుకుంటా. ఇప్పుడు అడిగేది అది కాదు. రేపు ఇది మళ్ళీ బడికి పోవాలి. అక్కడ దీని పేరు పిలుస్తారు. ఇది పలికేలోపు ఇంకో పేరు పిలుస్తారు. కళ్ళెదురుగా కూర్చున్న పిల్లని లేదని రాస్తారు. అలా రాసిన చేతులే తెచ్చి దీని తల మీద పెడతారు. ఎవరికి కావాలి ప్రభువా స్వస్థత? దీని నోటికి ఏ రోగమూ లేదు. రోగమంతా వీళ్ళ చెవులకి. స్వస్థపరిస్తే ముందు వీళ్ళని స్వస్థపరచు. ఒక పసిపిల్ల ఒక్క మాట ముగించేదాకా ఆగలేనోళ్ళు నీ రాకడ కోసం ఎలా కనిపెట్టుకుని ఉంటారు? అంతే. ఇంకేం లేదు. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. కళ్ళజోడు టీచరు మొహం నెత్తురు చుక్క లేనట్టుంది. పెద్ద మేడమ్ పెదాలు బిగించి గోడ వైపు చూస్తోంది. తలుపు దగ్గర కునుకుపాట్లు పడే ముసలి వాచ్‌మన్ మాత్రం, ప్రార్థన ఆగిందని లెక్కగా, "ఆమెన్!" అని గొంతెత్తి అన్నాడు.

గువ్వ తల్లి కూతురి రెక్క పుచ్చుకుని నడవా పొడుగునా నడిచి బయటికొచ్చేసింది. ఎంతో కాలంగా మోస్తున్న బరువు ఏదో విసిరేసినట్టుంది. గేటు దాటాక, తను ఇవాళ బిడ్డ తరఫున నిలబడ్డాననీ, నిలబడగలిగాననీ ఒక గర్వం లాంటిది కూడా వచ్చింది.

గువ్వ చెయ్యి విదిలించుకుంది.

"ఎం... ఎందుకొచ్చావ్?"

"ఏంటే?"

"ఎందుకొ... కొచ్చావ్ నువ్వు?" పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అవి ఏడుపు నీళ్ళు కావు. తల్లి ఆ మొహం ఎప్పుడో అద్దంలో చూసింది, తనదే. "నే... నేను చె... చెప్తున్నా. వ... వచ్చేస్తోంది. అందరూ అ... అరుస్తున్నా నేను ఆ... ఆపలేదు. మే... మేడమ్ చెవిలో చె... చెప్తున్నా ఆ... ఆపలేదు. ను... నువ్వొచ్చి ఆపేశావ్."

"వాళ్ళు నిన్ను..."

"ఆ... ఆగు! నే... నేను చెప్తున్నా కదా!"

తల్లి నోరు మూసుకుంది.

"నా గు... గురించి అంతా నువ్వే చె... చెప్పేశావ్. టీచర్ సం... సంగతి మీ ఇ... ఇద్దరికే చెప్పా నేను. మై... మైకులో చెప్పమన్నానా? ఇ... ఇప్పుడు అందరూ ఏ... ఏమనుకుంటారు? మా... మాటలు రాని పిల్ల, వా... వాళ్ళమ్మ మాట్లాడుతుంది అనుకుంటారు. నీ... నీ చెవుల్లో కూడా రో... రోగమే!"

అని ఆ పిల్ల వీధికి అవతలి పక్కకి పోయి, ఇంటి దాకా అటే నడిచింది.

వెనకాల వస్తున్న గువ్వ నాన్న నోరు తెరిచాడు. భార్య వైపు చూసి మూసేసుకున్నాడు.

ఇంటికొచ్చాక గువ్వ తల్లి గిన్నెలు తోమింది. తోమినవి మళ్ళీ తోమింది. ఆ చప్పుడుకి పక్కింటి వాళ్ళు కిటికీ వేసుకున్నారు. తల్లిగా ఇంకేం చెయ్యాలిట? ఆ గోలలో పిల్లని అలా వదిలేసి చూస్తూ కూర్చోవాలా? ఈ కాలపు పిల్లలకి కృతజ్ఞత ఎక్కడేడ్చింది! ఇలా ఎంత తిట్టుకున్నా కోపానికి నిలబడ్డానికి చోటు దొరకడం లేదు. మైకులో వినబడిన ఆ ఊపిరి మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. చిన్నగా వచ్చిన ఆ "ప్... ప్..." కూడా. నిజమే, పెదాలు విడుతున్నాయి అప్పటికే. తనకి కనబడింది. కనబడి కూడా ఆగలేకపోయింది. ఏ ఒక్కరూ ఆగలేకపోయారు, అందరికన్నా గట్టిగా అరిచి ఆపింది మాత్రం తనే. ఆమె గరిట విసిరికొట్టింది. అది పోయి తలుపు దగ్గర నిలబడ్డ పాస్టరుగారి కాళ్ళ ముందు పడింది.

ఆయన చేతిలో గువ్వ బ్యాగుంది. చర్చిలోనే మర్చిపోయి వచ్చేశారు.

"వందనాలు సిస్టర్" అన్నారాయన, గరిటకి దూరంగా జరిగి. "మీ మీద చాలా కోపమొచ్చింది నాకు. ఇంటికెళ్ళి భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎంతసేపటికీ ఆ మైకు నా వైపు తిప్పుకున్నదే గుర్తొస్తోంది. తప్పు చేశాను."

"నాతో చెప్పకండి అయ్యగారూ" అంది ఆమె. గొంతులో ఇంకా సెగ తగ్గలేదు. "అదుగో, అక్కడుంది. దానితో చెప్పండి. నాకూ దానితో అదే పని పడింది."

పాస్టరుగారు గడప మీద కూర్చున్నారు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న గువ్వ మెల్లగా ఇటు తిరిగింది. ఆయన క్షమాపణ చెప్పారు. తర్వాత మరీ ఉత్సాహంగా, "ఆ వాక్యం ఇప్పుడు నాకు చెబుతావా తల్లీ? నేను ఒక్కణ్ణే వింటా, ఎంతసేపైనా సరే" అన్నారు.

"చె... చెప్పను."

పాస్టరుగారు చేతిలోని బ్యాగు పక్కన పెట్టారు.

"అ... అందరి ముందే చెప్తా. వ... వచ్చే ఆదివారం. కీ... కీబోర్డు వద్దు. ఎ... ఎవరూ స్తోత్రం అనొద్దు." కాసేపు ఆలోచించి చేర్చింది: "అ... అమ్మని వె... వెనకాల కూర్చోబెట్టండి."

స్టూలు మీది నుంచి గువ్వ నాన్న పెద్దగా నవ్వేశాడు. గువ్వ తల్లికి నవ్వు రాలేదు. చెంప మీద కొట్టినట్టయింది. కానీ ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. పళ్ళు నొప్పి పెట్టాయి.

సోమవారం పొద్దున కొత్త స్కర్టు వేసి, జడ వేసి, అలవాటుగా తల మీద చెయ్యి పెట్టబోయింది తల్లి. గువ్వ తల పక్కకి లాక్కుంది.

"నే... నేనే చేసుకుంటా." కళ్ళు మూసుకుంది. "ప్ర... ప్ర... ప్రభువా..." ఆ తర్వాత ఏమడిగిందో లోపలే అడుక్కుంది. చాలాసేపు పట్టింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ముక్కుకి తెలుస్తోంది. తల్లి కదల్లేదు. పాలు పొంగిపోయాయి.

దారిలో గువ్వ షరతు పెట్టింది. "ను... నువ్వు రా. కా... కానీ మాట్లాడకు."

బడి వరండా కడిగిన తడి ఇంకా ఆరలేదు. టీచరు తరగతి గుమ్మంలోనే ఎదురైంది. తల్లిని చూడగానే కళ్ళజోడు సర్దుకుంది, గొంతూ సర్దుకుంది.

"చూడండి, నిన్న మీరు అంతమందిలో అలా అనడం ఏం బాలేదు. నేనేమైనా కావాలని చేశానా? అంతమంది పేర్లు పిలవాలి, గంట కొట్టేలోపు పాఠం మొదలెట్టాలి. పోనీ మీరే చెప్పండి, నన్నేం చెయ్యమంటారు?"

గువ్వ తల్లి నాలుక చివర మాటలు ఎన్నున్నాయో! ఒక్కొక్కటీ సానబెట్టి తెచ్చుకుంది రాత్రంతా. వాటన్నిటినీ మింగి, గడ్డంతో కూతురి వైపు చూపించింది.

"దాన్ని అడగండి."

టీచరు కిందికి చూసింది. బహుశా మొదటిసారి చూసి ఉంటుంది.

"నా... నా పేరు పి... పిలిచాక ఆ... ఆగండి టీచర్. నేను చె... చెప్పేదాకా."

"చెయ్యెత్తమ్మా, చాలు. నాకు తెలిసిపోతుంది."

"చె... చెయ్యెత్తను. మి... మిగతావాళ్ళు నో... నోటితో చెప్తారు కదా. నే... నేనూ నోటితోనే."

టీచరు నిట్టూర్చింది. సరే అని మొహం మాడ్చుకునే అంది. తప్పయిందన్న మాట రాలేదు. గువ్వ తల్లికి ఆ నిట్టూర్పు వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. గువ్వ మాత్రం తన పని అయిపోయినట్టు లోపలికెళ్ళి మొదటి బెంచీలో కూర్చుంది.

తల్లి వెళ్ళిపోకుండా కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. లోపల పేర్లు మొదలయ్యాయి. పేరు, ప్రెజెంట్ టీచర్, పేరు, ప్రెజెంట్ టీచర్. పిల్లల గొంతులు వడగళ్ళు రాలినట్టు టపటపా పడుతున్నాయి. గువ్వ పేరు వచ్చింది.

నిశ్శబ్దం.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో బూటు నేలకి రాశారు. టీచరు కలం పట్టుకుని గడియారం వైపు చూసింది. తల్లి రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుంది. లోపలికి దూకి 'ఉంది! నా బిడ్డ ఇక్కడే ఉంది, కళ్ళు కనబడ్డం లేదా!' అని అరవాలని ఒళ్ళంతా ఊగుతోంది. ప్రభువా, నన్ను పట్టుకో, అనుకుంది. దాన్ని కాదు, దానికేం ఫరవాలేదు, నన్ను పట్టుకో. నా నోరు ఇంకాసేపు ముయ్యి. ఆ టీచరు నోరు కూడా ముయ్యి.

"ప్... ప్రె... ప్రెజెంట్ టీచర్."

తర్వాతి పేరు పిలిచింది టీచరు. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు, స్తోత్రం అన్నవాళ్ళు లేరు. వెనక్కి తిరిగి, ఇందాక నవ్విన పిల్ల ఎవరా అని గువ్వ వెతికింది. కళ్ళతో దాన్ని పట్టుకున్నాక ఇటు తిరిగింది.

గువ్వ తల్లి ఊచలు వదిలింది. అరచేతుల్లో తుప్పు అంటింది. సంతోషించాలి కదా అనుకుంది. కానీ లోపల్నుంచి తన్నుకొస్తున్నది సంతోషం కాదు. ఇంతసేపేనా? గొంతులో గుటక పడేంత సేపు. ఈ కాస్త సేపు ఆగలేకనా పోయినేడాది అన్ని నెలలు నా బిడ్డని బతికుండగానే లేనిదాన్ని చేశారు! ఈ కాస్త సేపుకేనా నూనెలూ, ఉపవాసాలూ, కేకలూ! ఆమె కళ్ళు మండి నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంటే తుప్పు మొహానికి అంటింది.

పేర్లు అయిపోయాయి. టీచరు బోర్డు వైపు తిరగగానే గువ్వ బెంచీ దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. తల్లి మొహం మీది ఎర్రటి మరక చూసి కనుబొమలు ముడిచింది.

"ఇం... ఇంకా ఇ... ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నా" అంది తల్లి.

"షా... షాపుకి పో అమ్మా. మా... మాస్టరు తిడతాడు."

"నన్నా? తిట్టి చూడమను."

గువ్వ మూతి చివర ఏదో కదిలి ఆగింది. నిన్నటి కోపం ఇంకా పూర్తిగా పోలేదని తల్లికి తెలుస్తూనే ఉంది. తనకీ ఎవరి మీదా పోలేదు. పిల్ల తన చోటుకి వెళ్ళి పుస్తకం తెరిచింది. తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని తడి వరండా దాటి, గేటు బయట వేసుకుని, మడతలు పెట్టాల్సిన స్కర్టుల గుట్ట దగ్గరికి గబగబా నడిచింది.